కోట తలుపు దగ్గరి పిన్ని

పిన్నిని పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. నాటకశాల వెనక కుట్టుగదిలో ఆమె మిషను తొక్కుతూ ఉంటే, "పిన్నీ, బొత్తం ఊడింది", "పిన్నీ, చంకలో పట్టేస్తోంది" అంటూ నటులు ఒకరి వెనక ఒకరు వచ్చేవాళ్లు. ఆమెకన్నా పెద్దవాళ్లకీ ఆమె పిన్నే. ఆ పిలుపు తెచ్చింది అక్కకూతురు. చిన్నప్పుడు బట్టపేలికల గుట్టలో కూచుని రోజంతా పిన్నీ పిన్నీ అని అరుస్తుంటే, విన్నవాళ్లందరూ అదే పట్టుకున్నారు. వీధిలోకి వస్తే మాత్రం ఆ పిలుపుకి ముందు ఇంకో మాట చేరేది. కూరగాయల బండి దగ్గర ఎవరో ఒకరు పక్కవాళ్ల చెవిలో, ఆమెకి వినపడేటట్టుగానే, "దెయ్యం పిన్ని" అనేవాళ్లు.

"దెయ్యానికి గట్టి టమాటాలు ఏరి పెట్టు నాయనా. మెత్తవి మనుషులకిచ్చుకో" అనేది పిన్ని బండివాడితో. వాడు నవ్వుతూ గట్టివే ఏరేవాడు.

కుట్టుగది పొడుగ్గా, సన్నగా, రైలుపెట్టెలా ఉండేది. ఒక గోడకి రాజుల అంగీలు, ఎదుటి గోడకి బిచ్చగాళ్ల చిరుగులు. చిరుగులే కష్టమనేది. "రాజు బట్ట ఎవరైనా కుడతారు. కొత్తగుడ్డని ఏళ్ల తరబడి కట్టినట్టు చింపడానికి చెయ్యి రావాలి." ఈ మాట అంటున్నప్పుడు కూడా పెదాల మధ్య గుండుసూదులు ఉండేవి. సూదులతోనే తిట్టేది, సూదులతోనే నవ్వేది.

ఇప్పుడు పిన్ని లేదు. ఆమెని తలుచుకునేవాళ్లందరూ మొదట ఆ దెయ్యం వేషం గురించే చెబుతారు. జుట్టు నెరిసి, మోకాలు పట్టేసే వయసు వచ్చినా ముసుగు కింద ఆమె చిన్నపిల్లలా ఎలా నడిచేదో నడిచి చూపిస్తారు. అసలు ఆ వేషం ఆమె ఎందుకు కట్టవలసి వచ్చిందో మాత్రం ఎవరూ ఎత్తరు. ఎత్తితే ముందు ఆ అక్కకూతురి సంగతి చెప్పాలి.

ఏటా ఆ నాటకశాలలో ఒక పాత విషాదనాటకం వరసగా మూడు రాత్రులు ఆడేవాళ్లు. దానికి పెద్ద పేరేదో ఉన్నా అందరూ తలుపు నాటకం అనే అనేవాళ్లు. శత్రువులు ఉన్నట్టుండి మీద పడతారు. రాజు కోట తలుపు వేయిస్తాడు. బయటికి వెళ్లిన రాజు కూతురు పరుగెత్తుకొచ్చి తలుపు కొడుతుంది. తీస్తే ఆమెతోపాటు శత్రువూ వస్తాడు. రాజు తియ్యడు. అప్పటికి ఊరు దక్కుతుంది, కూతురు దక్కదు. అసలు నాటకం ఆ తరవాతే. చచ్చిపోయిన కూతురు మూడుసార్లు వస్తుంది. మొదటిసారి రాజుకి ఒక్కడికే కనిపించి, "నాన్నా, తలుపు తియ్యి" అంటుంది. రెండోసారి కాపలావాడికి కూడా కనిపిస్తుంది. వాడు బల్లెం పారేసి పారిపోతాడు. మూడోసారి ఆమెకి మాటల్లేవు. నాటకం రాసినాయన ఒక్క ముక్క రాసి వదిలేశాడు: కూతురు వస్తుంది, రాజుకి కనిపించదు. ఇక కనిపించదేమోనన్న బెంగతో రాజు ఆమెని వెతుక్కుంటూ వెళ్లడానికి తన చేత్తోనే తలుపు తీస్తాడు. బయట శత్రువు కాచుకుని ఉంటాడు.

ఆఖరి ఆట మర్నాడు టీకొట్టు దగ్గర ఏటా ఒకటే తగువు. కాపలావాడి వేషం వేసే పోస్ట్‌మాన్ సంచీ దింపుకుని మరీ కూచునేవాడు.

"పగ తీర్చుకుందండీ పిల్ల. తియ్యమన్నప్పుడు తియ్యలేదుగా! ఊరంతటినీ పట్టుకుపోయింది."

"అది పిల్లే కాదయ్యా. రాజు బుర్రలో పుట్టిన పురుగు" అనేవారు మాస్టారు. బళ్లో పాఠాలు చెప్పి రిటైరై, నాటకాలు ఆడించడానికే బతుకుతున్న మనిషి ఆయన.

"బుర్రలో పురుగైతే నాకెందుకు కనిపిస్తుంది మాస్టారూ? బల్లెం పారేసి పరిగెత్తానే!"

"నీకు బుర్ర లేదు కాబట్టి ఖాళీ చూసుకుని దూరింది."

తగువు ఎప్పుడూ తెగేది కాదు. తెగకపోవడమే ఆ నాటకానికి ప్రాణమని మాస్టారు లోలోపల అనుకునేవారు.

రాజు వేషం బావది, అంటే పిన్ని అక్కభర్తది. ఆయన వడ్రంగి. స్టేజీ మీది మేడలూ, సింహాసనాలూ ఆయన చేతివే. మిగతావన్నీ అట్టతోనూ పల్చటి చెక్కతోనూ చేసినా, కోట తలుపు మాత్రం అసలు కర్రతో రెండు రెక్కలుగా చేశాడు. అంత బరువెందుకని మాస్టారు అడిగితే, "అట్టతలుపు ముందు నేను ఏడవలేనండీ" అన్నాడు. అంత బరువు తలుపూ, అడ్డగడియ తీసి ఇనుపకడియం పట్టుకుంటే వేలితో లాగినా వచ్చేది.

కూతురి వేషం ఆయన కూతురిదే. పదిహేనేళ్లకే ముసుగు వేసుకుంది. చేతులు చాపి ఆ పిల్ల నిలబడితే హాల్లో చీమ చిటుక్కుమనేది కాదు. తెర వెనక మాత్రం వానరమే. ఆ నాటకసమాజంలో ఒక పద్ధతుంది. దెయ్యం వేసేవాళ్లు మొహానికి పొడి పూసుకున్నాక కడుక్కునేదాకా స్టేజీ మీద తప్ప ఎవరితోనూ మాట్లాడకూడదు. వాళ్లతో ఎవరూ మాట్లాడకూడదు. తలుపు వెనక ఒక ముక్కాలిపీట మీద ఒంటరిగా కూచోవాలి. పొడి పూసుకోబోయే ముందు పిల్ల పిన్ని దగ్గరికొచ్చి ఉన్న మాటలన్నీ దులిపేసుకునేది.

"పిన్నీ, దెయ్యానికి వీపు దురదపెడితే గోక్కోవచ్చా?"

"చచ్చినదానికి దురదేమిటే?"

"నువ్వు కుట్టిన గుడ్డే గుచ్చుకుంటోంది మరి. చచ్చినా వదలదు."

ఒక ఏడు నాటకం దగ్గరపడుతుండగా పిల్లకి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి ఆలస్యమైందో, తీసుకెళ్లినా ఆగేది కాదో, ఎవరూ సరిగ్గా చెప్పలేదు. వారం తిరగకుండా ఇల్లు ఖాళీ అయిపోయింది.

ఆ ఏడు నాటకం ఉండదనే అనుకున్నారందరూ. బావే మాస్టారింటికి వెళ్లి, ఆడదామన్నాడు. "ఇంట్లో కూచుంటే గోడలు మీదికొస్తున్నాయండీ. అక్కడైతే ఏం మాట్లాడాలో రాసుంటుంది" అన్నాడట బావ.

వేషానికి ఇద్దరు ముగ్గురు అమ్మాయిలని అడిగారు. పోయిన పిల్ల ముసుగు వేసుకోవడానికి ఎవరికీ మనసొప్పలేదు. పిన్నికి పెళ్లీ పిల్లలూ లేరు. సన్నటి మనిషి, పొడుగు కూడా పిల్లంతే. ఆ అంగీ కుట్టేటప్పుడు కొలత కోసం ఎన్నోసార్లు తనే తొడుక్కుని చూసింది. ఒక పొద్దున కుట్టుగదిలో దాన్ని ఇస్త్రీ చేస్తూ చేస్తూ, "నేను వేస్తాను మాస్టారూ" అంది.

అక్క ఆ మాట విని కుట్టుగదికి వచ్చింది. కూచోమంటే కూచోలేదు.

"ఏమే, నీకు మతి ఉందా? నా పిల్ల గుడ్డలు కట్టుకుని ఆయన ముందు నిలబడతావా?"

"బావ ఆడతానంటున్నాడక్కా. ఎవరో ఒకరు నిలబడాలిగా."

"ఎవరో నిలబడితే నాటకం. నువ్వు నిలబడితే..." అక్క ఆ మాట పూర్తి చెయ్యలేదు. "అందరి ముందూ ఆయన అక్కడ కుప్పకూలితే మళ్లీ లేవడు. నాకు తెలుసు ఆయన సంగతి. అదే జరిగితే ఈ జన్మలో నీ మొహం చూడను."

పిన్ని పెదాల మధ్య అప్పుడు సూదులు లేవు. డబ్బాలోంచి నాలుగు తీసి పెట్టుకుని, అంగీ అంచు మడవసాగింది.

రిహార్సల్సులో మొదటి రెండు రాకలూ బాగానే నడిచాయి. బాగా అంటే, ఎవరూ తలెత్తి చూడలేనంత బాగా. రాజు కూతుర్ని చూడాలి, పలకరించాలి, ఏడవాలి. బావకి అవన్నీ చేతినిండా ఉన్నాయి. చిక్కు మూడో రాకలో వచ్చింది. తలుపుకీ రాజుకీ మధ్య దెయ్యం చేతులు చాపి నిలబడాలి, రాజు ఆమెలోంచి చూస్తున్నట్టు తలుపుకేసి చూడాలి. ఎప్పటినుంచో అలాగే ఆడుతున్నారు. పిన్ని చేతులు చాపగానే బావ మెడ తిరిగిపోయేది.

"చూడకూడదండీ" అనేవారు మాస్టారు మెల్లిగా.

"చూడట్లేదు మాస్టారూ. నేల చూస్తున్నాను."

"కళ్లు నేలమీదున్నాయి. మెడ చూస్తోంది."

మళ్లీ చేసేవాళ్లు. మళ్లీ మెడ తిరిగేది. ఒకసారి చెయ్యి కూడా లేచింది. ముసుగు అంచు అందుకోబోయి, అందుకోకుండా ఆగిపోయి, తన చెయ్యిని తనే వింతగా చూసుకున్నాడు. పోస్ట్‌మాన్ కూడా ఆ రోజు జోకు వెయ్యలేదు. రాజు కూతుర్ని చూస్తే వెతుక్కుంటూ వెళ్లడానికి కారణం ఉండదు. కారణం లేకపోతే తలుపు తియ్యడు. తలుపు తియ్యకపోతే నాటకానికి ముగింపు లేదు. అది నాటకం బాధ. పిన్ని బాధ వేరు. ఆ చెయ్యి జనం ముందు లేచి ముసుగు పట్టుకుంటే, కింద ఉండేది తన మొహం. ఆ మొహం చూశాక బావ ఏమవుతాడో అక్క ముందే చెప్పింది.

"ఇంకా టైముంది, మానేద్దాం బావా" అంది ఒకరోజు.

"ఇక్కడా మానేసి ఎక్కడికి పోను?" అన్నాడాయన.

మొదటి ఆట రోజు సాయంత్రం వెలుగుండగానే పిన్ని పొడి పూసుకుంది. ఇక మాటల్లేవు. తలుపు వెనక ముక్కాలిపీట మీద కూచుంది. అవతలివైపు రంగులూ ఇనుపబొడిపెలూ ఉన్న తలుపు, ఇవతల వట్టి కర్ర. బావ పెన్సిలు గీతలు అలాగే ఉన్నాయి. ఒకచోట బందు సరిగ్గా కూచోక తీసి మళ్లీ బిగించినట్టున్నాడు. పాత కన్నాలని సన్నటి పుల్లలతో పూడ్చి, ఎవరికీ కనపడని ఆ చోటును కూడా నున్నగా రుద్దాడు. పిన్ని దాన్ని వేలితో తడిమింది. బావ పనిలో ఉంటే ఎలా ఉంటాడో ఆమెకి గుర్తొచ్చింది. ఇంట్లో తలుపు బిగిసిందంటే ఇక ఆ మనిషి మనిషి కాదు. అన్నానికి పిలిస్తే వినపడదు, చుట్టం వచ్చి పక్కన నిలబడితే కనపడదు. అక్క ఎన్నిసార్లు తిట్టిందో: "తలుపు బిగిస్తే చాలు, పెళ్లాం పిల్లలు ఉన్నారని కూడా మర్చిపోతాడు ఈయన!"

పిన్ని చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఎవరికైనా చెబుదామంటే పొడి పూసుకుని ఉంది. మాస్టారు రెండడుగుల దూరంలో, స్టేజీ పక్కన వింగులో నిలబడి ఉన్నా పలకరించడానికి వీల్లేదు. చెప్పినా ఆయన ఒప్పుకునేవారో లేదో. చేతులు చాపి అడగవలసిన దెయ్యాన్ని వేరేగా ఆడించడమంటే చిన్న సంగతి కాదు. పైగా అడిగి అడిగి తండ్రిని చావుకి లాగిన పిల్ల అని చూసేవాళ్లలో చాలామంది ఒప్పుకున్న కథ. ఆ పీట మీద కూచుని పిన్ని ఒక్క మాటే ఆలోచించింది. ఆ పిల్లే, దురదపెడితే గోక్కోవచ్చా అని అడిగిన ఆ పిల్లే నిజంగా వచ్చి, నాన్న గడియ మీద చెయ్యి వెయ్యడం చూస్తే ఏం చేస్తుంది? అవతల శత్రువు ఉన్నాడని చచ్చినదానికి తెలీదా?

మొదటి రాక అయింది. రెండో రాక అయింది. పోస్ట్‌మాన్ బల్లెం పారేసి పరిగెత్తాడు. హాలు నిండి ఉంది. ఆఖరి వరసలో స్తంభం పక్కన అక్క కూచుని ఉండడం పిన్ని ముసుగులోంచి చూసింది. వస్తానని ఎవరికీ చెప్పలేదు అక్క.

మూడో రాక. రాజు ఒంటరిగా తలుపు ముందు నిలబడి ఉన్నాడు. పిన్ని ఎప్పటిలా ఎదురుగా రాలేదు. పక్కనుంచి, గోడ వారగా, ఇంట్లో పిల్ల చప్పుడు చెయ్యకుండా వచ్చినట్టు వచ్చింది. ఆయన కళ్లకి కిందుగా వంగి, మొహం కర్రకేసి తిప్పుకుని, రెండరచేతులూ ఒక భుజమూ తలుపుకి ఆనించింది. చేతులు చాపలేదు. ఆయనకేసి చూడనే లేదు. వింగులో మాస్టారు ఒక అడుగు ముందుకి వేసి ఆగిన చప్పుడు ఆమెకి వినపడింది.

రాజు ఆఖరి మాటలు చెప్పాడు. అడ్డగడియ తీశాడు. కడియం పట్టుకుని లాగాడు.

తలుపు రాలేదు.

మళ్లీ లాగాడు. వేలితో లాగితే వచ్చే తలుపు, తన చేత్తో చేసిన తలుపు! ఆయన మొహం మారిపోయింది. పై బందుకేసి చూశాడు, కింది బందుకేసి చూశాడు. జానెడు దూరంలో వంగి ఉన్న తెల్లటి అంగీని దాటుకుంటూ చూశాడు. మెడ తిరగలేదు. కాలు గడపకి తన్నిపెట్టి, వడ్రంగులు లాగినట్టు, నడుం బలంతో లాగాడు. పిన్ని పళ్లు బిగించి తోసింది. నటించలేదు, ఉన్న బలమంతా పెట్టింది. హాల్లో జనానికి రెండూ కనిపిస్తున్నాయి. తలుపు తియ్యాలని లాగుతున్న తండ్రి, వద్దు వద్దని తోస్తున్న కూతురు. ఇన్నేళ్లూ తియ్యమని అడగడానికే వచ్చిందనుకున్న దెయ్యం, తియ్యొద్దని చెప్పడానికి వచ్చిన ఒక్కసారీ ఆయనకి కనపడలేదు.

"తియ్యకయ్యా!" అని ఎవరో హాల్లోంచి పెద్దగా అరిచారు. ఒక్కరూ నవ్వలేదు.

తలుపు కదిలింది. పిన్ని పాదాలు చెక్కమీద జారాయి. తలుపుతోపాటు ఆమె కూడా మెల్లిగా, వదలకుండా, జరుగుతూ జరుగుతూ వచ్చింది. అవతల ఎర్రటి వెలుగు లోపల పడింది. రాజు గడప దాటి ఆ వెలుగులోకి వెళ్లిపోయాడు. తెర పడింది.

 చప్పట్లు ఆలస్యంగా వచ్చాయి. మాస్టారు పిన్ని దగ్గరికి వచ్చి, నోరు తెరిచి, పద్ధతి గుర్తొచ్చి మూసుకుని, ఒక బకెట్టు నీళ్లు తెచ్చి ఆమె ముందు పెట్టారు. ఆమె మొహం కడుక్కునేదాకా ఆగి, "ఇన్నేళ్లూ ఈ ముక్క ఎవరికీ తట్టలేదమ్మా, నాతో సహా. ఇలాగే ఉండనీ" అన్నారు. ఆయన ఎంత సంతోషంగా ఉన్నారంటే, తన పాత వాదం నేలకూలిందన్న సంగతి కూడా పట్టించుకోలేదు. బావ అప్పటికే ఇంటికి వెళ్లిపోయాడు. అక్క కూడా కనపడలేదు.

మర్నాడు పొద్దున్నే కుట్టుగది తాళం తీస్తుంటే స్టేజీ మీదినుంచి చప్పుడు వినపడింది. పిన్ని వెళ్లి వింగులో నిలబడింది. బావ పనిముట్ల సంచీ పక్కన పెట్టుకుని తలుపు ముందు గొంతుకూచుని ఉన్నాడు. బందులకి నూనె వేశాడు. చిత్రిక పట్టే రంద తీశాడు కానీ కర్రకి తగిలించలేదు. కడియాన్ని వేలితో లాగాడు. తలుపు వచ్చింది. మూశాడు. మళ్లీ వేలితో లాగాడు. మళ్లీ వచ్చింది. అలా ఎంతసేపు చేశాడో. తరవాత నుదురు కర్రకి ఆనించి, పిల్ల పోయిన తరవాత వేషం లేకుండా మొదటిసారి, భుజాలు కదిలేటట్టు ఏడ్చాడు.

పిన్ని కదల్లేదు. ఆయన మొహం తుడుచుకున్నాక వచ్చి పక్కన కూచుంది.

"తలుపులో లోపమేం లేదే" అన్నాడు.

"లేదు బావా."

"మీ అక్కని అడిగాను, నువ్వు చూశావుగా, ఏమైందీ అని. నేను చెప్పను, పొద్దున్నే వెళ్లి తలుపు నువ్వే చూసుకో అంది. పొమ్మని సంచీ తెచ్చి చేతికిచ్చింది."

"ఇంకేమైనా అందా?"

"వచ్చేటప్పుడు మరదల్ని కూడా తీసుకురా, ఇద్దరూ ఇక్కడే తిందురుగాని అంది." ఆయన రందని సంచీలో పెట్టుకున్నాడు. "నువ్వు పట్టుకున్నావా?"

"నీకు కనపడలేదా?"

"తెల్లగా ఏదో ఉంది. తలుపు మీద పడ్డ లైటనుకున్నాను. చేతిలో తలుపు ఉంటే నాకేం తెలుస్తుంది?" సంచీ మూతి బిగించాడు. "ఎందుకు పట్టుకున్నావే?"

"అదే ఉంటే నిన్ను తియ్యనిచ్చేదా బావా?"

బావ బందు మీద కారిన నూనెని బొటనవేలితో తుడిచాడు. బయట పోస్ట్‌మాన్ సైకిలు బెల్లు వినపడి, దూరమైంది.

"ఇచ్చేది కాదు" అన్నాడు చివరికి. "మొండిది." లేచి, సంచీ భుజాన వేసుకుని, తలుపుని మెల్లిగా దగ్గరికి వేశాడు. "ఇవాళ కూడా పట్టుకో. కాస్త ఇంకా గట్టిగా పట్టుకో. నిన్నటంతే పట్టుకుంటే నా చేతులకి అలవాటైపోతుంది."